విత్తనపు చిక్కుళ్లు

మణుగూరు అవతల, అడవి అంచునున్న గూడెంలో దూలయ్యలా తాటిచెట్టు ఎక్కేవాడు లేడని పేరు. ఆ ఎండాకాలం ఒక పొద్దున చెట్టెక్కే మోకు తెగి కిందపడ్డాడు. ప్రాణం దక్కింది కానీ దవడ విరిగింది, ముందు పళ్లు రాలిపోయాయి. భద్రాచలం దవాఖానాలో దవడకు తీగలు కట్టారు. తర్వాత వాటిని విప్పి, మెత్తటివి తినిపించమని చెప్పి ఇంటికి పంపారు.

మాటైతే వచ్చింది గానీ ముద్దముద్దగా వచ్చింది. చూడవచ్చిన వాళ్లలో ఎవరో అర్థంగాక నవ్వారు. ఆనాటి నుంచి దూలయ్య నోరు మూసుకున్నాడు, మాటకే కాదు, తిండికి కూడా. భార్య జంపక్క గంజి కాచి ఇస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలి జావ పోస్తే పెదవుల మీది నుంచి కారిపోయేది. తుడవబోతే ఆమె చెయ్యి తోసేసేవాడు. పక్కటెముకలు తేలాయి.

"నాయిన సచ్చిపోతడా అమ్మా?" అని కూతురు శ్రావణి అడిగింది.

జంపక్క లేచి పొయ్యి మీద వేలాడుతున్న ఆనపకాయ బుర్రను దించింది. అందులో బూడిద కలిపి దాచిన చిక్కుడు గింజలున్నాయి. చనిపోయిన అత్త చేతి విత్తనం. ఏటా తొలకరికి నాటాలి, కొత్త కాయ వేల్పులకు పెట్టాకే తినాలి, మళ్లీ బుర్ర నింపాలి. ఆకలికి దాని జోలికి పోవద్దని అత్త ఒట్టు వేయించుకుంది.

"గవి ఇత్తనాలు గదమ్మా!"

"అవ్ బిడ్డా."

గింజలు కడిగి నానబెట్టింది. పాతగింజ మొండిది, తొక్క పగిలేదాకా ఉడికించింది. పప్పుగుత్తితో మెత్తగా మెదిపింది. మూకుట్లో ఇప్పనూనె కాగాక వెల్లుల్లి చితక్కొట్టి వేసి, ఆ ముద్దను వేయించింది. నోటిపుండ్లు మండుతాయని మిరపకాయ ముట్టలేదు. అడుగంటకుండా గీకుతూ, గింజలు ఉడికిన నీళ్లే కొంచెం కొంచెం పోస్తూ పొయ్యి ముందే కూర్చుంది.

ఆ వాసనకు దూలయ్య ఇటు తిరిగాడు. ఇంట్లో తినే చిక్కుళ్లు ఎప్పుడో అయిపోయాయని అతనికి తెలుసు. కళ్లెత్తి పొయ్యి పైకి చూశాడు. అక్కడ బుర్ర లేదు.

"ఇత్తనాలు... వండినవా?"

చాలా రోజులకు అతని నోట వచ్చిన మాట అది.

"వండిన."

"మా అమ్మ ఇత్తనం..."

"అవ్, మీ అమ్మదే. నువ్వే లేకుంటే గవి ఎవలకోసం పెట్టాలె? తిను. తినకుంటే ఒట్టు తప్పిన పాపమే నాకు మిగులుతది."

అతను ఏడ్చాడు. ఏడుస్తూనే నోరు తెరిచాడు. మొదటి ముద్ద సగం కారిపోయింది. జంపక్క తుడిచింది. ఈసారి అతను తొయ్యలేదు.

తొలకరి నాటికి బుర్ర ఖాళీ అయింది. దూలయ్య కర్ర పట్టుకొని వాకిట్లో తిరుగుతున్నాడు. అతనన్నది నలుగురికీ అర్థమయ్యేలా జంపక్కే విడమరిచి చెప్పేది. ఆ ఏడు వాళ్ల పందిరికి తీగ పాకలేదు.

కొత్త చిక్కుడు పండుగనాడు అందరూ కాయలు తెస్తే వాళ్లిద్దరూ ఒట్టి చేతులతో నిలబడ్డారు.

"మీ ఇంటి కాయేది జంపక్కా?" అని గూడెం పెద్ద జంపయ్య అడిగాడు.

ఆమె నోరు విప్పబోయింది. దూలయ్య ఆమెను ఆపి ముందుకొచ్చాడు.

"ఇత్తనం... నేను తిన్న. అందుకే బతికిన."

ఈసారి జంపక్క విడమరచాల్సిన పని లేకపోయింది. జంపయ్య తన గంపలోంచి ఒక కాయ తీసి అతని చేతిలో పెట్టాడు. దూలయ్య దాన్ని వేల్పుల ముందు ఉంచి, వెళ్లి మునుపటిలా మగవాళ్ల వరుసలో కూర్చున్నాడు.