అక్క మడిలో నేను పోయించిన మట్టి

సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్లో తెల్లవారేసరికి మంచూ ఇసుకా ఒకే రంగులో ఉంటాయి. నేల ఎక్కడ ఆగిందో, గాలి ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ తెల్లదనంలో అక్క వంగి నడుస్తుంటే నీళ్లలో నడుస్తున్నట్టుండేది.

ఇంటి వెనక పది సెంట్ల ఇసుక ఆమెది. బావగారు పోయాక మూడేళ్లపాటు దాన్ని కూరగాయల నేలగా మారుస్తూ వచ్చింది. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే నేలలో కలిపేసేది. కొబ్బరి పొట్టును గుట్టపోసి వానాకాలమంతా నాననిచ్చి, పశువుల ఎరువుతో కలిపి వేసేది. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయే ఇసుక మూడో ఏటికి గుప్పిట పడితే క్షణంసేపు ముద్దగా నిలిచింది. అక్క ఆ ముద్దను నాకు చూపించింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, "మూడేళ్లకి ఇంతేనా?" అన్నాను.

మా చర్చిలో కోత పండుగకి ఎవరి తొలికాపు వాళ్లు తెచ్చి పెడతారు. ఎప్పుడూ కొబ్బరికాయలే పెట్టే అక్క, ఆ ఏడు తన ఇసుకలో కాసిన వంకాయలు పెట్టాలనుకుంది. ఇంతలో కూతురి పురుడికి రామచంద్రపురం వెళ్లాల్సివచ్చి, వంగనారు నాకు అప్పగించింది.

"అదునుకి నాటి నీళ్లెట్టు తమ్ముడూ. ఇంకేం చెయ్యకు. నీ చేతులకి దురదెక్కువ."

నేను ఊరుకోలేదు. దగ్గర్లో రొయ్యల చెరువు ఎండగట్టి అడుగుమట్టి తీస్తున్నారు. నల్లగా, మెత్తగా, వెన్నలా ఉంది. ఆ చెరువులకి పెట్టేది ఉప్పునీళ్లని మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. ఆ నలుపు చూశాక దాన్ని తలుచుకోవాలనిపించలేదు. అక్క మూడేళ్లలో చేయలేనిది ఒక్కరోజులో చేసి చూపించాలనుకున్నాను. రెండు ట్రాక్టర్ల మట్టి తోలించి, మడంతా కలిపించి, నారు నాటించాను. ఆ సాయంత్రం ఎండలో మడి రేగడి చేనంత నల్లగా మెరిసింది. చాలాసేపు అక్కడే నిలబడి చూసుకున్నాను.

అక్క తిరిగొచ్చేసరికి ఆకుల అంచులు కాలినట్టున్నాయి.

"ఏం మట్టిరా ఇది?"

"కాలవ మట్టే అక్కా."

ఆమె నమ్మింది. తప్పు తన కొబ్బరి పొట్టుదే అనుకుంది. సరిగా మగ్గకుండా వేశానేమోనని తనలో తను అనుకుంటూ, వచ్చే పంటకని నానబెట్టుకున్న గుట్టను తట్టలకెత్తి సందు చివర పారబోసింది. మూడు పొద్దుల పని అది. నేను అరుగు మీద కూర్చుని, మంచులో ఆమె వెళ్లడం, రావడం చూశాను. 

వంగ మొక్కలు కాయకుండానే మాడిపోయాయి. పండుగనాడు ఆమె చర్చికి ఉత్త చేతులతో వచ్చింది. ఎప్పటిలా కొబ్బరికాయలు పెట్టడానికిగాని, బజారువి కొని పెట్టడానికిగాని ఒప్పుకోలేదు. అందరూ కాయలూ గెలలూ పెట్టి వస్తుంటే, ఆడవాళ్ల వరసలో ఆమె ఒళ్లో ఖాళీగా ఉన్న చేతులే నాకు కనిపించాయి. ఆ మధ్యాహ్నం మడి దగ్గరికి తీసుకెళ్లి, అది ఏ మట్టో చెప్పేశాను.

అక్క చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"మట్టి సంగతి సరే. పొట్టంతా పారబోసేను కదరా. చూస్తా కూర్చున్నావు."



నల్లమట్టిని చెక్కి తీసేద్దామంటే దాంతో ఆమె మూడేళ్ల పైనేల కూడా పోతుంది. అందుకని గట్లు వేసి, కాలవ నుంచి మంచినీళ్లు నిండా పెట్టి, ఇంకనివ్వాలని ఆమే చెప్పింది. గట్లు నేనే వేశాను. నీళ్లు పెట్టిన ప్రతిసారీ ఆకాశం మడిలోకి దిగి, నెమ్మదిగా ఇసుకలోకి ఇంకిపోయేది. ఏదీ నిలుపుకోదని మేం తిట్టుకునే ఆ ఇసుక ఉప్పునీ నిలుపుకోలేదు. జనుములాగే నేలలో కలిపే పైరైనా, ఉప్పుకి ఓర్చే జీలుగ చల్లితే పలచగా మొలిచింది.

ఒకరోజు దారినపోతూ పక్కింటి మామ్మగారు ఆగారు. "ఏమ్మా, వంగతోట ఏమైపోయింది?"

అక్క కలుపు తీస్తూనే, "ఆణ్ణే అడగండి మామ్మగారూ" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను.

"గట్టిగా చెప్పరా, ఆవిడకి వినపడదు."

"రొయ్యల చెరువు మట్టి తోలించింది నేనేనండీ. కాలవ మట్టని అక్కకి అబద్ధం చెప్పింది కూడా నేనేనండీ" అని, అవతలి గట్టు మీద వాళ్లు కూడా తలెత్తి చూసేంత గట్టిగా చెప్పాను.