వైర్లక్క కొనని వైర్లు

ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరుతో జీతాల గుమస్తాకు తప్ప ఇంకెవరికీ పని పడలేదు. గేటు దగ్గరి కాపలా మనిషి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె వైర్లక్క. సీసాలకు మూతలు బిగించే మెషిన్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఒక్కో మెషిన్ నిండా చిన్న చిన్న సెన్సర్లుంటాయి. సీసా వచ్చిందా, మూత పడిందా, తలుపు మూసుందా అని చూసే కళ్లన్నమాట. ఆ కళ్లు చూసింది మెషిన్‌ను నడిపే పానెల్‌కు చేరాలంటే వైరు కావాలి. ఆ వైర్లేమో బజారుకు వెళ్లి కొనుక్కొచ్చేవి కావు. ఒకటి మరీ పొడుగ్గా కావాలి, ఇంకొకటి నూనెలో నానినా చెడకూడదు, మరొకటి రోజంతా వంగి లేస్తున్నా తెగకూడదు. ఏ వైరు ఎవరైతే సరిగ్గా చేస్తారో వెతికి పట్టుకుని, వాళ్ల చేత చేయించి తెప్పించడం వైర్లక్క ఉద్యోగం.

ఆమెకు వైరు చేసిపెట్టడమంటే మాత్రం ఎవరికైనా తల ప్రాణం తోకకొచ్చేది. డ్రాయింగ్ పంపేసి చేతులు దులుపుకునే రకం కాదు. చేసేవాణ్ణి ఫ్యాక్టరీకి పిలిపించి, మెషిన్ పక్కన నిలబెట్టి, సంచిలోంచి పురికొస తీసి, రేపు వైరు నడవబోయే దారంతా ఆ పురికొసను నడిపించేది. ఇక్కడ క్లిప్పు, ఇక్కడ మలుపు, ఇక్కడ కాస్త వదులు అంటూ ముడులు వేసి, దాన్ని అతని చేతిలో పెట్టి పంపేది. శాంపిల్ వచ్చాక ప్లగ్గు దగ్గర మెడ పట్టుకుని లాగేది, మెలిపెట్టేది, గోటితో గీకి చూసేది. ఏ కాస్త కదిలినా ఆ పెద్దమనిషి మళ్లీ రావాల్సిందే. అన్నీ కుదిరితే "సరే" అనేది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోట విన్నవాళ్లు లేరు. అయినా ఏ సప్లయరూ ఆమెను వదిలిపోలేదు. తప్పు పడితే కారణం చెప్పి పడుతుంది, ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకొకలా ఉండదు. అలాంటి మనిషి చేత చీవాట్లు తిన్నా పెద్దగా బాధనిపించదు.

ఇంతగా వెతికే మనిషి ఒక్క వర్క్‌షాపు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. అది ఆమె తమ్ముడిది.

తమ్ముడికి సోల్డరింగ్ నేర్పింది ఆమే. పెళ్లికి ముందు ఆమె ఒక రేడియోల కంపెనీలో పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద పాత వైరు ముక్కలు పరిచి, వైరు తొడుగు ఎలా ఒలవాలో, వేడి ఎంతసేపు తగలాలో వాడికి చూపించేది. గట్టు కాలిందని అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. వాడు పెద్దవాడై, నాలుగైదు చోట్ల పనిచేసి, చివరికి టైర్ల కొట్ల వెనక సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా వైర్ల వర్క్‌షాపు పెట్టుకున్నాడు.

అది పెట్టిన కొత్తలో ఒకరోజు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, వెనక బల్ల దగ్గర ఎవరో అన్న మాట వైర్లక్క చెవిన పడింది. ఇంకేం, చేసేది తమ్ముడు, కొనేది అక్క, మధ్యలో మనకేం పని అని నవ్వుకున్నారు. అన్నవాళ్లు టీ తాగి గ్లాసు పెట్టేసేలోపే మర్చిపోయి ఉంటారు. ఆమె మర్చిపోలేదు. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పిలిచి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మా ఫ్యాక్టరీకి నువ్వు కొటేషన్ పంపకూడదు, నేను అడగను. పనివేళల్లో నాకు ఫోను చెయ్యకూడదు. నేనూ నీ వర్క్‌షాపు గడప తొక్కను. తమ్ముడు "సరేలే అక్కా" అన్నాడు. వాడు దేనికైనా అలాగే అంటాడు కాబట్టి నొచ్చుకున్నాడో లేదో ఆమెకు తెలియలేదు. తెలుసుకుందామని ఆమె ప్రయత్నించనూ లేదు. మంచితనంలో కూడా మొండితనం ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

ప్రేమలకేం లోటు లేదు. వారం వారం తమ్ముడూ మరదలూ అక్క ఇంటికొచ్చేవాళ్లు. ఇబ్బందల్లా కబుర్ల దగ్గరే. ఈ ఇద్దరికీ లోకంలో బాగా తెలిసిన విషయం వైర్లు ఒక్కటే. వైర్ల మాట ఎత్తకూడదు. దాంతో ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకునేవాళ్లు. ఎండా వానా లేని రోజుల్లో మరీ కష్టమయ్యేది. "మీరిద్దరూ బస్టాండులో పరిచయమైనవాళ్లలా మాట్లాడుకుంటారేమిటి?" అని ఆమె భర్త ఆటపట్టించేవాడు. మరదలు మాత్రం ఒకటి రెండుసార్లు, "వదినా, ఒక్కసారి వచ్చి చూడకూడదూ? ఆయన బల్లలన్నీ మళ్లీ సర్దారు" అంది. చూద్దాంలే అని వైర్లక్క మాట దాటేసింది.

ఇలా ఏళ్లు గడిచాక, ఒకసారి పెద్ద ఆర్డరు వచ్చింది. మెషిన్ దాదాపు తయారైంది, లారీ కూడా మాట్లాడారు. ఎప్పుడూ సెన్సర్ వైర్లు చేసే సప్లయర్ దగ్గర ప్లగ్గులకు ప్లాస్టిక్ పోసే మోల్డింగ్ మెషిన్ చెడిపోయింది. ఇప్పట్లో బాగుపడదని కబురు చేశాడు. వైర్లక్క తనకు తెలిసినవాళ్లందరినీ కాళ్లావేళ్లా పడి అడిగింది. ఎవరికీ తీరిక లేదు. అప్పుడు మేనేజరే అన్నాడు, టైర్ల కొట్ల వెనక ఒకతను బాగా చేస్తాడటగా, అతన్ని అడగకూడదా అని. అతను తన తమ్ముడని ఆమె చెప్పింది. తమ్ముడైతే ఏం, వైరు వైరే కదా అన్నాడు మేనేజరు.

ఆమె రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఒక షరతు మీద ఒప్పుకుంది. డ్రాయింగ్ ఆఫీసు నుంచి మెయిల్‌లో వెళ్తుంది. అంతకు మించి తను ఒక్క ముక్క కూడా చెప్పదు. తమ్ముడు ఫ్యాక్టరీకి రాడు. ఆ షరతు పెట్టినందుకు ఆమెకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ వారం తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు వాన గురించి ఇంకాస్త ఎక్కువ మాట్లాడారు.

వైర్లు చెప్పిన రోజుకే వచ్చాయి. ఆమె ఎప్పటిలాగే మెడ పట్టి లాగింది, మెలిపెట్టింది, గీకింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. పొడవు డ్రాయింగ్‌లో ఉన్నంతే ఉంది, రంగుల వరస సరిగ్గా ఉంది. "సరే" అని ఫిట్టర్ మేస్త్రికి పంపించింది.

మధ్యాహ్నం మేస్త్రి దగ్గర నుంచి పిలుపొచ్చింది. ఆయన ఆ ఫ్యాక్టరీలో ఆమె కంటే పాత మనిషి, గొంతెత్తి మాట్లాడటం ఎరగడు. ఆయన మెషిన్ అద్దాల తలుపు మూయబోయాడు. తలుపు సగంలో ఆగిపోయింది. సెన్సర్‌కు తగిలించే ప్లగ్గు మెడ వంచి ఉంటుంది. ఆ మెడ పైకి ఉండాల్సింది, కిందికి ఉంది. వైరు తలుపుకు అడ్డం పడుతోంది. తలుపు పడకపోతే మెషిన్ తిరగదు. ప్లగ్గు లోపల గాడి ఉంటుంది కాబట్టి అది ఒకే తీరున కూర్చుంటుంది, తిప్పి పెట్టడం కుదరదు. ప్లాస్టిక్ పోసి మూసేసిన మెడ కాబట్టి విప్పడమూ కుదరదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ఈలోగా మేనేజరు వచ్చాడు. చూశాడు. పోనీలెండి, తొందర పని, కొత్తవాడు, ఇక ఆ వర్క్‌షాపు మాట మర్చిపోదాం అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆమె ముఖం చూసి, ఆమెను నొప్పించకూడదనే అలా అన్నాడు.

వైర్లక్క డ్రాయింగ్ తెప్పించి చూసింది. డ్రాయింగ్‌లో మెడ వంచాలని ఉంది గానీ ఎటు వంచాలో లేదు. ఎప్పుడూ ఉండదు. ఎందుకుంటుంది? చేసేవాణ్ణి ఆమె మెషిన్ దగ్గరే నిలబెట్టి పురికొసతో చూపించేది కదా. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు కూడా చూపించింది. ఒక్క తమ్ముడికి చూపించలేదు. ఇప్పుడు ఆమె నోరు మెదపకపోతే చాలు. తప్పు వర్క్‌షాపుదే అనుకుంటారు, ఇన్నేళ్లలో ఒక్క పొరపాటూ చేయలేదన్న ఆమె పేరు పేరులాగే ఉంటుంది. తమ్ముడి పేరు మాత్రం ఆ ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలన్నిటిలోనూ పోతుంది. ఇలాంటి కబురు ఒక్క గేటు దగ్గర ఆగదు.

"తప్పు వాడిది కాదు సార్, నాది," అంది. "మెడ ఎటు ఉండాలో నేను చెప్పలేదు. ఇంకెవరైనా అయితే ఇక్కడికి పిలిచి చూపించేదాన్ని. తమ్ముడని పిలవలేదు. నలుగురూ ఏమనుకుంటారోనని పిలవలేదు."

మేనేజరు న్యాయంగానే ఒక ప్రశ్న వేశాడు. డ్రాయింగ్‌లో లేకపోతే చేసేవాడైనా అడగాలి కదా అన్నాడు. ఆ మాట వాడినే అడగాలనుకుంది వైర్లక్క. పనివేళల్లో, అందరి ముందు, మొట్టమొదటిసారి తమ్ముడికి ఫోను చేసి రమ్మంది.

తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు. తలుపు సగంలో ఆగి ఉండటం చూడగానే సంగతి అర్థమైపోయింది. చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మెడ ఎటు ఉండాలో డ్రాయింగ్‌లో లేదు. నువ్వు చూసుకోలేదా?" అంది వైర్లక్క.

"చూశాను."

"మరి అడగొచ్చు కదరా."

తమ్ముడు నేల చూపులు చూశాడు. "ఫోను చేద్దామనే తీశానక్కా. ఆఫీసులో అందరి మధ్యలో ఉంటావు, నా ఫోనొస్తే ఇబ్బంది పడతావని మళ్లీ పెట్టేశాను. ఎక్కువమంది కిందికే అడుగుతారు కదా అని కిందికే వంచాను. మళ్లీ చేసిచ్చేస్తాలే, నువ్వు బాధపడకు."

మేస్త్రి అటు తిరిగి చేతులు గుడ్డతో తుడుచుకోసాగాడు. ఆయన చేతులకు అప్పుడు నూనె కూడా లేదు. వైర్లక్కకు ఏడుపొచ్చింది. ఎవరికీ భయపడని మనిషి, క్యాంటీన్‌లో ఎవరో అన్న ఒక్క మాటకు భయపడి, లోకంలో అందరికీ ఉన్న అడిగే హక్కు తన చేతుల్లో పెరిగినవాడికి లేకుండా చేసింది. వాడు ఆ మాటను అంత శ్రద్ధగా పాటిస్తాడని ఆమె అనుకోలేదు. ముక్కు ఎగబీల్చి, సంచిలోంచి పురికొస తీసింది. ఇద్దరూ మెషిన్ కింద గొంతుక్కూర్చున్నారు. మెడ పైకి ఉంటే పొడవు సరిపోదనీ కాస్త పెంచాలనీ తమ్ముడన్నాడు. అక్కర్లేదు, దారి మారిస్తే సరిపోతుందని అక్క అంది. వాదించుకున్నారు. ఇద్దరూ గొంతు పెంచారు. మేనేజరు చూస్తూ నిలబడి, ఇక తన అవసరం లేదనుకుని వెళ్లిపోయాడు. చివరికి కాస్త పెంచాలనే తేలింది.

మర్నాడు మధ్యాహ్నానికి కొత్త వైర్లు వచ్చాయి. తలుపు పడింది, మెషిన్ తిరిగింది, లారీ ఒక పూట ఆలస్యంగా బయల్దేరింది. ఆ సాయంత్రం వైర్లక్క మేనేజరు గదికి వెళ్లి ఒకటే అడిగింది. ఆ వర్క్‌షాపు ఇకమీదట కూడా వైర్లు చేయొచ్చు, కానీ దాని ధరలూ తనిఖీలూ తన చేతిలో పెట్టొద్దు, మేస్త్రికి అప్పగించండి. మేస్త్రి మెత్తటి మనిషి గానీ పనిలో వంక ఉంటే వదలడు. మేనేజరు సరేనన్నాడు. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదా అనుకుంటూ ఆమె ఇంటికెళ్లింది.

ఆదివారం పొద్దున్న టైర్ల కొట్లు మూసి ఉన్నాయి. వైర్లక్క సందులోకి వెళ్లి, తమ్ముడి వర్క్‌షాపు తలుపు తట్టింది. మరదలు తలుపు తీసి, "వదినా" అని అక్కడే నిలబడిపోయింది. ముందు గదిలో వైరు చుట్టలు రంగుల వారీగా మేకులకు వేలాడుతున్నాయి. లోపలి గదిలో రెండు బల్లలు, గోడకు ఆనించి మోల్డింగ్ మెషిన్, కిటికీ పక్కన టెస్టింగ్ పెట్టె. తమ్ముడు కొత్త బొమ్మలు చూపించే పిల్లాడిలా ఒక్కొక్కటీ చూపించుకొచ్చాడు. ఇది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదనీ, ఇది తనే తయారుచేసుకున్నదనీ, దీంతో వైరు తొడుగు ఎంత గట్టిగా ఒలిచినా లోపలి తీగకు గాటు పడదనీ ఆపకుండా చెప్పాడు. మరదలు టీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. వైర్లక్క అన్నీ విన్నది. బాగుంది, చాలా బాగుంది అని రెండుసార్లు అంది. తమ్ముడి ముఖంలో ఉత్సాహం ఎందుకో తగ్గింది.

"అదేమిటక్కా, ఊరికే బాగుంది అంటావు. ఊళ్లో వర్క్‌షాపులన్నిటికీ వెళ్లి ఇది బాగాలేదు, అది మార్చు అని చెబుతావట. అందరూ నాకొచ్చి చెప్పేవాళ్లు. నాకు ఒక్కసారైనా చెప్పావా?"

వైర్లక్క గ్లాసు పక్కన పెట్టింది. తమ్ముడి వైపు చూడలేకపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి, రెండో బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఒక వైరు ముక్క చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ బల్ల మీద వెలుతురు చాలదురా. నీ చెయ్యి నీడే పని మీద పడుతోంది. ఇలా చేస్తే నాలుగేళ్లలో కళ్లు పోతాయి."

తమ్ముడు స్టూలు లాక్కొచ్చి ఎక్కాడు. పైన వేలాడుతున్న లైటు వైరు వదులు చేసి కిందికి దించాడు.

"ఇప్పుడు?"

"ఇంకాస్త," అంది అక్క.