ఎడంచేతి పని

మా అత్తగారు ఏది తిప్పినా ముందు తప్పు వైపే తిప్పుతారు. కుళాయి కట్టబోయి ఇంకా వదులుతారు, సీసా మూత తీయబోయి ఇంకా బిగిస్తారు. పుట్టుకతోనే పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బడిలో కొట్టి కుడిచేత్తో రాయించారు గానీ, కత్తెర పట్టే చేతిని మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. ఆ చేత్తోనే నలభై ఏళ్లుగా వీధి మొత్తానికీ బట్టలు కుడుతున్నారు. అయినా ఇంట్లో ఏ మూత బిగుసుకున్నా మావయ్యగారు చటుక్కున లాక్కుంటారు.

"నువ్వు తిప్పావంటే ఇక రంపం తేవాల్సిందే" అంటారు.

ఆ రోజు నాలుగింటికి బడిలో పిల్లల నాటకం. ముప్ఫై వేషాలూ అత్తగారే కుట్టారు. కుందేళ్లు, మబ్బులు, ఒక సింహం. సింహం నా కూతురు. నెల్లాళ్లు నడుం వాల్చకుండా కుట్టిన ఆ వేషాలన్నీ మావయ్యగారి పాత పికప్ వెనక సర్దుకుని ముగ్గురం బయల్దేరాం. ఆ బండికి నాకంటే వయసెక్కువ. ఇంట్లో పరువూ ఎక్కువే.

సగం దారిలో ముందు ఎడమ చక్రం తుస్సుమంది. టైము మూడుంపావు. రోడ్డు మీద పిట్ట కూడా లేదు.

"పది నిమిషాల పని" అంటూ మావయ్యగారు చొక్కా చేతులు మడిచారు. తలుపు పక్కన బిగించి ఉన్న స్టెప్నీ దించి, చక్రానికి స్పానర్ తగిలించారు. మొదటి నట్టు కదల్లేదు. రెండోదీ అంతే. స్పానర్ మీదెక్కి ఎగిరారు. మొహం కందిపోయింది గానీ ఒక్కటీ వదల్లేదు. ఐదు నట్లతోనూ కుస్తీ పట్టేసరికి మూడున్నర దాటింది.

"తుప్పు పట్టేసింది. కోయాల్సిందే" అని చతికిలబడ్డారు.

అత్తగారు బండి వెనకున్న మబ్బుల వేషాల వైపు చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిల్లలు గేటు దగ్గరే నించుని ఉంటారండీ. ఏదీ, ఇలా ఇవ్వండి."

"నీ చేతికా! ఇక బండి ఇక్కడే కాపురం పెడుతుంది."

ఆవిడ వింటేగా! ఎడంచేత్తో స్పానర్ తగిలించి, అలవాటు ప్రకారం తప్పు వైపు పెట్టి, కాలితో ఒక్క తొక్కు తొక్కారు.

"అటు కాదే! అది బిగించడం..."

కిర్రుమంది. నట్టు వదిలింది.

ముగ్గురం నోరెళ్లబెట్టాం. మిగతా నాలుగూ అలాగే వచ్చాయి. మావయ్యగారు బోల్టు చివర మట్టి తుడిచి చూస్తే, చెక్కి ఉన్న 'ఎల్' అక్షరం కనబడింది. కొన్ని పాత బండ్లకు ఎడమవైపు మర తిరగేసి ఉంటుందట, పరుగులో నట్లు ఊడకుండా. ఇన్నేళ్లలో ఆయన స్వయంగా మార్చినవన్నీ కుడి చక్రాలే. అంటే అంతసేపూ పాపం శక్తికొద్దీ బిగించారన్నమాట! నవ్వాపుకోలేక నేను సింహం తల తగిలించుకున్నాను.

జాకీతో బండి ఎత్తి స్టెప్నీ ఎక్కించాక, స్పానర్ ఆయనే ఆవిడ చేతికిచ్చారు.

"నువ్వే బిగించవే. నాకు మళ్లీ ఎటో తిరుగుతుంది."

నాలుగవడానికి రెండు నిమిషాలుండగా చేరాం. ఏడుపు మొహంతో గేటు పట్టుకున్న నా కూతురు, తల తగిలించగానే గర్జించడం మొదలుపెట్టింది. కుందేళ్లు అత్తగారిని చుట్టేశాయి. ఆ సందడిలో, దారిలో టైరు పోయిందని విన్న పంతులమ్మ మావయ్యగారిని అడిగింది.

"టైరు మార్చడం చాలా కష్టమైందా అండీ?"

నలభై ఏళ్లుగా ఆ చేతిని వెక్కిరించిన మనిషి, అందరికీ వినబడేలా గొంతు పెంచారు.

"కష్టమా! మా ఆవిడ ఎడంచేత్తో చేసేసింది."