నేను మాన్పించిన అలవాటు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రేపల్లె దగ్గర ఒక రొయ్యల కంపెనీలో మేనేజరుగా చేసేవాణ్ణి. తెనాలి నుంచి రోజూ వెళ్లి వచ్చేవాణ్ణి. అక్కడ మొదటి నుంచీ ఒక అలవాటుండేది. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరైనా సరే, ఎవర్నీ అడగకుండా మిషను ఆపేయవచ్చు. ఆ ఏడాది ఓనరు గారు విదేశీ ఆర్డర్లు పట్టుకున్నారు. రోజుకు ఒక లోడు బదులు రెండు పంపాలి. ఎలాగా అని బాపట్లలో ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే, "కొత్త మిషన్లు అక్కర్లేదండి. మాటిమాటికీ ఆపే అలవాటు మాన్పిస్తే సరిపోద్దండి" అన్నాను. ఎలా మాన్పించాలో తిరుగు దారిలోనే నిర్ణయించుకున్నాను.

మర్నాడు నాగరత్నం మిషను ఆపింది. అడవులదీవి అనే ఊరి మనిషి. వయసులో అందరికంటే పెద్ద, ఆడవాళ్లంతా పిన్నీ అని పిలిచేవారు. ఐసు పలకలు పొడి చేసే మిషనులో ఏదో గీరుకుంటోందని చెప్పింది. నేను నడిచి వెళ్లి, అందరూ చూస్తుండగా ఆమె చెంప పగలగొట్టాను. కింద పడింది. పెదవి చిట్లి ఐసు మీద రక్తం కారింది. కోపంలో కొట్టానని అందరూ అనుకున్నారు. కాదు. ఆ రోజు నాకు కోపమే లేదు. ఎవరిని కొడితే మిగతావాళ్లు భయపడతారో చూసుకుని మరీ కొట్టాను. తర్వాత సూపర్‌వైజర్లూ చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టారు. చూడనట్టే ఉన్నాను. రెండు లోడ్లూ వెళ్లాయి. ఓనరు గారు నా భుజం తట్టారు.

నెల తిరిగేసరికి, ఐసు తోసే కోటయ్య చెయ్యి ఆ మిషనులోకి పోయింది. ముందు చొక్కా అంచు, తర్వాత వేళ్లు, తర్వాత మోచెయ్యి. ఎముక విరిగే చప్పుడు ఐసు విరిగే చప్పుడులాగే ఉంటుందని అప్పుడే తెలిసింది. షెడ్డంతా అతని కేకలే. స్విచ్చి పక్కనే ఉన్న నాగరత్నం చెయ్యి ఎత్తింది. ఎత్తి, నా వైపు తిరిగింది.

"ఆపమంటారా సార్?"

నేను వెంటనే ఎందుకు పలకలేదు? నిర్ఘాంతపోయానని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది బయట లోడు కోసం నిలబడ్డ లారీ. "ఆపు" అనేసరికి భుజం దాకా నలిగిపోయింది.

విచారణకు వచ్చిన ఆఫీసరుకు, స్విచ్చి దగ్గరున్న మనిషి నిర్లక్ష్యమే కారణమని రాసిచ్చాను. షెడ్డులో ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పకుండా చేసింది నేనే కదా. నాగరత్నాన్ని పనిలోంచి తీసేశారు. కోటయ్య బంధువులు ఆమె ఇంటి మీదికి వెళ్లి, తలుపు పగలగొట్టి, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి కొట్టారని మర్నాడు పొద్దున విన్నాను. విని, టిఫిన్ చేసి, పనికి వెళ్లాను. ఎలా వెళ్లగలిగాను?

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది వాళ్లిద్దరినీ. ఆ ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాట కూడా ఇవ్వలేను. కానీ నేను రాసిచ్చింది అబద్ధం. నాగరత్నం తప్పేమీ లేదు. కోటయ్య చెయ్యి పోగొట్టింది నేను. ఇంతవరకు రాసి, చాలా ఏళ్ల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకున్నాను.