సైదాబీ కోసం శంషాబాద్ దాకా

మాచర్ల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కారు ఎలా మాట్లాడుకోవాలని ఈ మధ్య నన్ను నలుగురైదుగురు అడిగారు. మా పేటలో గల్ఫ్‌కి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎక్కువ. అందరికీ నోటితో చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. దారి సంగతి ఒక్కటే రాద్దామనుకున్నాను. తీరా కూర్చుంటే దారినీ, ఆ రోజునీ విడదీయడం నాకు చేతకాలేదు.

నేను దర్జీని. బస్టాండు వెనక సందులో నా షాపు. ఏడేళ్ల కిందట నాకు నడుం ఆపరేషనై మిషను తొక్కలేని రోజుల్లో నా భార్య సైదాబీ మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. అప్పటికి మా అమ్మాయి రిజ్వానాకి మూడేళ్లు. రెండేళ్లలో వచ్చేస్తానంది. ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. తర్వాత ఆ ఇంటి పెద్దామె మంచాన పడింది. సైదాబీ తినిపిస్తే తప్ప ముద్ద మింగేది కాదట. అలా ఏడేళ్లు గడిచిపోయాయి. పిల్లను మా అమ్మే పెంచింది.

మొన్న చలికాలంలో ఫోన్ చేసి, “నలభై రోజులు సెలవిచ్చారయ్యా, వస్తున్నా,” అంది. మళ్లీ వెళ్లడానికి కావలసిన కాగితాలన్నీ వాళ్లే చేయించి చేతికిచ్చారట. “మళ్లీ వెళతావా?” అని నేను అడగలేదు. ఏడేళ్లు నా ఇంటిని నడిపిన మనిషిని ఆగిపొమ్మనే మొహం నాకు లేదు. వెళ్లమనే నోరూ లేదు.

ఇక కారు సంగతి. బస్సులో కూడా పోవచ్చు. హైదరాబాద్‌లో దిగి, అక్కడ విమానాశ్రయం బస్సు ఎక్కాలి. ఒంటరిగా పోయేవాళ్లకు అది బాగానే ఉంటుంది. ఏడేళ్ల సామానుతో వచ్చే మనిషిని అన్ని మెట్లు ఎక్కించి దించడం నాకిష్టం లేకపోయింది. ముందు ఫోన్‌లో వెతికాను. ఒక యాప్‌లో మాచర్ల అని కొడితే మా ఊరికి బళ్లు లేవని వచ్చింది. ఇంకోదాంట్లో వివరాలన్నీ నింపాక హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, “మాచర్ల అంటే వరంగల్ సైడా అండీ?” అని అడిగింది. కృష్ణకి ఇవతల అని చెప్పాను. మళ్లీ ఫోన్ చేస్తానంది. చేయలేదు.

చివరికి సాంబయ్య బాబాయ్ గుర్తొచ్చాడు. విజయపురి సౌత్‌లో సాగర్ ప్రాజెక్టు జీపు నడిపి రిటైరయ్యాడు. ఆయన ఖాకీ బట్టలు ఇరవై ఏళ్లు నేనే కుట్టాను. ఇప్పుడు సొంత కారు కొనుక్కుని విమానాశ్రయం కిరాయిలకు తిప్పుతున్నాడు. రానూ పోనూ కలిపి ఆరున్నర వేలు, టోలూ పార్కింగూ మనవి. మీరూ ఎవరినైనా మాట్లాడుకునేటప్పుడు, విమానం ఆలస్యమైతే ఆగుతారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. సాంబయ్య బాబాయ్ మాత్రం అడక్కముందే చెప్పాడు:

“ఆగటం నాకు అలవాటేలే అబ్బాయ్. గేట్లు ఎత్తే రోజుల్లో ఆఫీసర్ల కోసం డ్యామ్ కింద పొద్దుగూకులూ ఆగినోణ్ణి.”

విమానం దిగేది పదీ యాభైకి. తెల్లవారుజామున అయిదింటికి మాచర్లలో బయల్దేరాం. ముందు సీట్లో నేను, వెనక రిజ్వానా. మా అమ్మ రానంది. కోడలికి వేడివేడిగా వండిపెట్టాలంటే ఇంట్లో ఒకరుండాలి అంది.

ఊరు దాటగానే మంచు. అద్దం ముందు రెండు బారల రోడ్డు మాత్రం కనిపిస్తోంది. మిగతా లోకమంతా ఎవరో మడతపెట్టి బీరువాలో దాచినట్టుంది. అప్పుడప్పుడూ ఎదురుగా ఒక లారీ లైట్లు పుట్టి, పెద్దవై, పక్కనుంచి జారిపోయేవి. రాత్రి నేను సరిగ్గా పడుకోలేదు. మెలకువకీ నిద్రకీ మధ్య కారు పోతున్నట్టుంది. మంచులో ఒక్కోచోట ఎవరో నిలబడి చెయ్యి ఊపినట్టనిపించేది. దగ్గరకొస్తే కిలోమీటరు రాయి.

రిజ్వానా నిద్రపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి వెనకనుంచి అడిగింది.

“నాన్నా, అమ్మ ఎంత ఎత్తుంటది?”

రోజూ ఫోన్‌లో మాట్లాడే అమ్మే. కానీ ఫోన్‌లో మొహమే కనిపిస్తుంది. మనిషి కనిపించదు.

“నా భుజం దాకా ఉంటది,” అన్నాను.

“నేను నీ మోచేతి దాకా వస్తాగా. అట్టయితే అమ్మకి నేను ఎందాకా వస్తా?”

సాంబయ్య బాబాయ్ నవ్వాడు. “ఇంకో నాలుగైదు గంటల్లో కొలుసుకుందువులే తల్లీ.”

అయిదూ నలభైకి విజయపురి సౌత్. టీ కొట్టు దగ్గర ప్రాజెక్టువాళ్లు మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డారు. హైదరాబాద్ బస్సు ఒకటి ఇంజను ఆపకుండా ఊగుతోంది. టీలు తాగి వంతెన ఎక్కాం. కింద నది లేదు. తెల్లటి పొగ మాత్రమే ఉంది. దాని పైన డ్యామ్ మీది దీపాలు, కింద గోడ లేకుండా, వాటంతటవే గాల్లో వరసగా నిలబడ్డాయి. రిజ్వానా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయింది. సాంబయ్య బాబాయ్ కూడా అటే చూస్తూ బండిని మెల్లగా నడిపాడు. ముప్పై ఏళ్లు రోజూ చూసిన చోటు కదా, ఇంకా ఏం చూస్తున్నాడో అనుకున్నాను.

అవతలి ఒడ్డున తెల్లారింది. కొండమల్లేపల్లి, చింతపల్లి దాటి మాల్ అనే ఊరు చేరేసరికి ఎనిమిదిన్నర. రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ, వడ తిన్నాం. వడ్డించే పెద్దావిడ రిజ్వానా కొత్త బట్టలు చూసి అడిగింది.

“యాడికి బిడ్డా, పెండ్లికా?”

“కాదు. మా అమ్మ విమానంలో వస్తోంది.”

“ఎన్ని దినాలకొస్తున్నది?”

“ఏడేళ్లకి.”

ఆవిడ చేతిలో గరిటె కాసేపు అలాగే ఆగింది. తర్వాత రిజ్వానా ప్లేటులో ఇంకో వడ వేసింది. డబ్బులిచ్చేటప్పుడు ఆ వడ లెక్కలో కలపనివ్వలేదు. “పైలంగ తోల్కపోండ్రి,” అని జాగ్రత్త చెప్పింది.

ఇబ్రహీంపట్నం తర్వాత రింగురోడ్డు ఎక్కాం. ఎండ వచ్చింది గాని పలచటి మంచు ఇంకా పోలేదు. అందులోంచి విమానాలు చప్పుడు కంటే ముందు నీడలుగా దిగుతున్నాయి. ఒక్కోటి దిగినప్పుడల్లా రిజ్వానా అడిగేది, “దీంట్లో ఉందా?” ఇంకా రాలేదని చెప్పినా మళ్లీ మళ్లీ అడిగేది.

పదింటికి చేరాం. లోపలికి మనల్ని పోనివ్వరు. వచ్చేవాళ్లు బయటికొచ్చే ద్వారాల ఎదుట కడ్డీల ఇవతల నిలబడాలి. సాంబయ్య బాబాయ్ పార్కింగ్‌కి పోతూ హెచ్చరించాడు.

“విమానం దిగిందని బోర్డు మీద పడగానే గాబరా పడబాక. స్టాంపులూ సామాన్లూ అయ్యేసరికి గంట పైన పడుద్ది. ఆ అమ్మాయి బయటికొచ్చినాక నాకు ఫోన్ కొట్టు.”

నిజంగానే గంటంబావు పట్టింది. పూలదండలు పట్టుకున్నవాళ్లు, పేర్లు రాసిన అట్టలు పట్టుకున్న డ్రైవర్లు, కడ్డీ మీద తల వాల్చి నిద్రపోతున్న ఒక ముసలాయన. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా అందరం ఒకేసారి మెడలు చాచేవాళ్లం. నా మనసులో ఒకటే భయం. గుర్తుపట్టలేకపోతే?

మొహం చూసి గుర్తుపట్టలేదు. నేను ముందు చూసింది భుజాలు. సైదాబీకి ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. ఆమె జాకెట్లు కుట్టినప్పుడల్లా అక్కడ అర అంగుళం సర్దేవాణ్ణి. ఆ గుంపులో సామాను బండి తోసుకుంటూ దిగిన ఎడమ భుజం ఒకటి నా వైపు వస్తోంది. తర్వాత మొహం చూశాను. చిక్కింది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఫోన్‌లో చున్నీ ఎప్పుడూ అక్కడిదాకా లాక్కునేది ఇందుకేనని అప్పుడు తెలిసింది.

దగ్గరికొచ్చి ఒక అడుగు దూరంలో ఆగింది.

“అన్నం తిన్నావా?” అన్నాను.

“విమానంలో పెట్టారు,” అంది. నవ్వబోయింది. తర్వాత కిందికి వంగి రిజ్వానా వైపు చేతులు చాచింది.

రిజ్వానా నా వెనక్కి జరిగింది. నేను ముందుకి నెట్టాను. పిల్ల బెదిరిపోయి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మా అమ్మ నేర్పిన మాట పలికేసింది.

“బాగున్నారా ఆంటీ?”

అనేశాక దానికే తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సైదాబీ చాచిన చేతులు వెంటనే తీసుకోలేదు. ఒక్క క్షణం అలాగే ఉంచి, పిల్ల నెత్తిమీద జుట్టు సవరించి లేచింది.

“బాగున్నానమ్మా. నువ్వు బాగున్నావా?” అంది. వేరే వాళ్ల పిల్లని పలకరించినట్టే అంది.

పన్నెండున్నరకి తిరుగు ప్రయాణం. వెనక సీట్లో చెరొక కిటికీ దగ్గర తల్లీ కూతుళ్లు. మధ్యలో చాక్లెట్ల సంచి. సైదాబీ ఒక్కో చాక్లెట్టూ విప్పి ఇస్తోంది. రిజ్వానా “థ్యాంక్యూ” అని తీసుకుంటోంది. సాంబయ్య బాబాయ్ ఒకటి రెండు మాటలు కదిపి చూసి ఊరుకున్నాడు. నేను వెనక్కి తిరగలేకపోయాను. తిరిగితే ఏం చెప్పాలి? తప్పు పిల్లది కాదు, ఆమెదీ కాదు. ఎదుట రోడ్డు ఎండలో నీళ్లలా మెరుస్తోంది. ఎంత పోయినా ఆ నీళ్లు అంతే దూరంలో ఉన్నాయి.

చింతపల్లి దాటాక రిజ్వానా సన్నగా మూలిగింది. “నాన్నా, కడుపులో తిప్పుతోంది.”

వెనక లారీ తరుముతోంది, బండి ఆపడానికి చోటు లేదు. నేను సంచి కోసం వెతికేలోపే సైదాబీ చాక్లెట్లు కిందికి తోసేసి పిల్ల పక్కకి జరిగింది. రెండు చేతులూ దోసిలి చేసి దాని గడ్డం కింద పట్టింది.

“కక్కుకో తల్లీ. నా చేతుల్లో కక్కుకో. ఏం కాదు.”

పిల్ల కక్కేసింది. చేతుల నిండా, చున్నీ నిండా. సాంబయ్య బాబాయ్ కాస్త ముందుకెళ్లి వేపచెట్ల కింద ఆపాడు. నేను నీళ్ల సీసాతో దిగేసరికి సైదాబీ పిల్లని రోడ్డు పక్కన వంచి పట్టుకుని వీపు నిమురుతోంది. మొహం కడిగింది, ముక్కు తుడిచింది, గవును మీద పడ్డది తడిగుడ్డతో ఒత్తింది. ఎక్కడా తొందరా లేదు, అసహ్యమూ లేదు. నేను సీసా పట్టుకుని నిలబడ్డాను, అంతే.

రిజ్వానా వణుకుతూ ఆమె చున్నీకేసి చూసింది.

“నీ చున్నీ ఖరాబైపోయింది,” అంది.

నీ. మీ కాదు, నీ. సైదాబీ విన్నది. నా వైపు చూసింది.

మళ్లీ కారెక్కాక పిల్ల దానంతటదే ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. పది నిమిషాల్లో నిద్రపోయింది. సైదాబీ ఒక చెయ్యి దాని చెవి మీద, ఇంకో చెయ్యి పాదాల మీద పెట్టి కూర్చుంది. మధ్యలో ఒకసారి కాలు తిమ్మిరెక్కి మొహం ముడుచుకుంది గాని కదల్లేదు.

నాలుగున్నరకి సాగర్ వంతెన. పొద్దున లేని నది ఇప్పుడుంది. పొద్దు వాలుతున్న నీళ్ల మీద జాలర్ల పుట్టి ఒకటి కదలకుండా నిలబడి ఉంది. విజయపురి సౌత్‌లో టీకి ఆపబోతే సైదాబీ వెనకనుంచి మెల్లగా అంది.

“ఆపబాక మామా. పిల్ల లెగుస్తది.”

సాంబయ్య బాబాయ్ ఆపలేదు. ఎత్తిపోతల జలపాతానికి పోయే మలుపు దాటాక, కిరాయి మనిషి కదా, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

“మళ్లీ ప్రయాణం ఎప్పుడమ్మా? డ్రాపు కూడా నాకే చెప్పండి. డేటు రాసుకుంటా.”

వస్తున్నానని ఫోన్ చేసిన రోజు నుంచీ నేను అడగలేని మాట అది. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాను.

“డేటేం రాసుకోబాక మామా,” అంది సైదాబీ. “నీ నంబరు ఈయన ఫోన్‌లో ఉందిగా. ఎప్పుడన్నా ముగ్గురం ఎక్కడికైనా పోయేటప్పుడు చేస్తాం.”

సాంబయ్య బాబాయ్ “అట్టాగే” అన్నాడు. ఆయనకి అదొక మామూలు జవాబు. నాకు ఆ ముగ్గురం అన్న మాట చెవిలో పడి, లోపలికి దిగి, అర్థం కావడానికి కొంత దూరం పట్టింది. ఆమె వెళ్లదు. అప్పుడు వెనక్కి తిరిగాను. ఆమె నన్ను చూడలేదు. పిల్ల జుట్టులో వేళ్లు పెట్టి చిక్కులు తీస్తోంది.

దారి సంగతి అడిగేవాళ్లకు చెప్పాలంటే, రోడ్డు బాగుంది. పొద్దున్నే బయల్దేరితే మంచు ఉంటుంది, భయపడక్కర్లేదు, మెల్లగా పోతే చాలు. తినడానికి మాల్‌లో దొరుకుతుంది. పిల్లలుంటే తిరుగు ప్రయాణంలో చాక్లెట్లు పెట్టకండి. అంతకు మించి నాకు తెలిసింది తక్కువ. ఆ రోజు చూసిన ఊళ్లు ఇప్పుడు తలుచుకుంటే ఒకదాంట్లోంచి ఇంకోటి కరిగి వస్తాయి. ఏది ముందో ఏది వెనకో చెప్పలేను.

మాచర్ల ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉంది. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఘాటు కారులోకి వస్తోంది.

“మెల్లగా పోనీ మామా,” అంది సైదాబీ. “ఇంకాసేపు పడుకోనీ.”

సాంబయ్య బాబాయ్ వేగం తగ్గించాడు. ఆటోలు మమ్మల్ని దాటి పోయాయి. మిరప బస్తాల ట్రాక్టరు కూడా దాటి పోయింది. మేం వెనకే నెమ్మదిగా పోయాం.