రాళ్లు అతికించిన ఖాకా

కరోనాకు మూడేళ్ల ముందు సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి షుగరు విభాగంలో నన్ను ఎడ్యుకేటర్‌గా వేశారు. పేరు గొప్పే గాని, హోదాలో హెడ్ నర్సు కిందే. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో నేర్పడం, పొడిచిన చోట్లు తడిమి చూసి ఫైల్లో రాయడం నా పని. తెలుగువాళ్లెవరొచ్చినా నా దగ్గరికే పంపేవారు.

అలా వచ్చింది రజిత. ఊరి శివారు భేస్తాన్‌లో ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే అమ్మాయి. చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ మీదే బతుకుతోంది. ఆపితే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. పొట్ట మీద, తొడల మీద గుంతలు పడ్డాయి.

"మందే నా ఒళ్లు తింటున్నది సిస్టర్. గిట్లయితే ఇగ సూది బంద్ జేస్త" అంది.

నాకు ఒళ్లు మండింది. ఒకేచోట పొడుస్తున్నావని చీవాట్లు పెట్టి, ఫైల్లో "చోటు మార్చడం లేదు" అని రాసేశాను. నిజానికి అలా పొడిస్తే సాధారణంగా వచ్చేది గడ్డ, గుంత కాదు. చదువుకున్నదే, ఆ పూట గుర్తు రాలేదు.

మర్నాడే మళ్లీ వచ్చింది. చేతిలో ఖాకా, అంటే చీర మీదికి డిజైన్ దించే పల్చని కాగితం. దాని మీద తన పొట్ట, తొడలు గీసుకుని, నాలుగు నెలలుగా సూదికో రాయి అతికిస్తూ వచ్చింది. పొద్దుటిది ఎర్రరాయి, రాత్రిది తెల్లరాయి. ఏ రెండూ ఆనుకుని లేవు. గుంత పడినచోట పెన్నుతో సున్నా చుట్టింది. చోటు మార్చినకొద్దీ సున్నాలూ వెంటే వచ్చాయి.

"ఇప్పుడు జెప్పుండ్రి, ఏడ మార్చలే?"

సిగ్గుతో ఆ కాగితం డాక్టరుగారి ముందు పెట్టాను. కొందరి రోగనిరోధక వ్యవస్థ ఇన్సులిన్‌ను పరాయిదనుకుని ఎదురుతిరుగుతుందని, ఆ గొడవలో చర్మం కింది కొవ్వు కరిగిపోతుందని ఆయన చెప్పారు. ఇన్సులిన్ రకం మార్చారు. కొత్త గుంతలు ఆగాయి. పాతవి పూడటానికి ఏడాది దాకా పట్టింది, తొడ మీద ఒకటి ఉండిపోయింది. రజిత సూది ఆపలేదు.

తిట్టినా నా దగ్గరికే తిరిగొచ్చింది. ఆ మేలు మరువలేను. అప్పటినుంచి ముందు అడగకుండా రోగి మీద ఏ తప్పూ ఫైల్లో రాయలేదు.

రజిత ఫైల్లో నేను రాసిన ఆ మాటను అడ్డగీతతో కొట్టేసి సంతకం పెట్టాను. రూలు ప్రకారం, కొట్టేసినా కింది అక్షరాలు కనబడాలి. నావి స్పష్టంగా కనబడుతున్నాయి.