క్లోజెట్‌లో పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో మగవాడు ఎక్కడ కూర్చుంటాడు? సోఫాలో. సోఫా లేకపోతే కుర్చీలో. అదీ లేకపోతే చాప మీద. నేను మాత్రం బట్టలు పెట్టుకునే క్లోజెట్‌లో, మా బావ ప్యాంట్ల కింద, మా అక్క చెప్పుల డబ్బా మీద కూర్చున్నాను. తల ఎత్తితే హ్యాంగర్ తగిలేది, దించితే కెమెరాలో బట్టతల కనబడేది. అంతటి గౌరవం నాకు ఎలా దక్కిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, మొహమాటపడకండి. ఆ వారమంతా నవ్వే స్థితిలో లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

ముందు నా గురించి రెండు ముక్కలు. తొమ్మిదో క్లాసు మధ్యలో బడికి ఒక దండం పెట్టి హోటల్ వంటింట్లో చేరాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ ఏమీ రాలేదు. తర్వాత మా అక్క పుణ్యమా అని అమెరికాలో ఎడిసన్ చేరి, ఓక్ ట్రీ రోడ్‌లో ఒక రెస్టారెంట్‌లో దోసెలు పోస్తున్నాను. అక్కాబావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. మా అపార్ట్‌మెంట్లలో ఒక తలుపు కొడితే ఇద్దరు ఇంజినీర్లు తెరుస్తారు. అంతమంది ఇంజినీర్ల మధ్య అట్లకాడ పట్టుకుని తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఆదివారం పూట అందరూ నా దోసెకే లైన్ కట్టేవారు కాబట్టి నాకు లోటేమీ తెలిసేది కాదు.

లోటు తెలిసింది పెళ్లి సంబంధాల దగ్గరే. అప్పటికి నాలుగు వచ్చాయి. నాలుగూ తొమ్మిదో క్లాసు దాకా వచ్చి ఆగిపోయాయి, అచ్చం నాలాగే.

ఐదోది బాపట్ల సంబంధం. అమ్మాయి పేరు పద్మజ, స్కూల్లో టీచరు. ఫొటో చూసిన రోజు నేను మూడు దోసెలు మాడ్చాను. వాళ్ళ నాన్నగారు అక్కకి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"అబ్బాయి పెద్దగా చదువుకోలేదట కదమ్మా?"

అక్కకి ఆ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చేసింది. నోటికి ఏది తగిలితే అది అనేసింది.

"చదువుదేముంది బాబాయిగారూ? మావాడికి కంప్యూటర్ అంటే అరచేతిలో ఉంటుంది!"

నేను నా అరచెయ్యి చూసుకున్నాను. పెనం తగిలి కాలిన మచ్చ తప్ప ఏమీ లేదు.

"అయితే ఇంకేం, భలే మాట చెప్పావమ్మా! మా అమ్మాయి ఫొటోలు నమ్మదు. వచ్చే శనివారం సాయంత్రం ఏడున్నరకి కంప్యూటర్లో కనబడమను. తనే మాట్లాడుతుందట. ఆదివారం ఇంకో సంబంధం వాళ్ళు ఇంటికి వస్తున్నారు. వాళ్ళని రమ్మనాలో వద్దనాలో అది శనివారమే చెబుతానంది."

వాళ్ళ శనివారం సాయంత్రం ఏడున్నర అంటే మాకు శనివారం పొద్దున్న తొమ్మిది. చేతిలో ఐదు రోజులున్నాయి.

కంప్యూటర్ అంటారా, ఉంది. మా బావ కొత్తది కొనుక్కుని, తన పాత లాప్‌టాప్‌ని ఆ దసరాకే నాకు ఇచ్చాడు. రుబ్బురోలంత బరువు. ఆన్ చేస్తే లేవడానికి పది నిమిషాలు తీసుకునేది, ఈలోపు ఒక టీ పెట్టుకోవచ్చు. "ఛార్జర్ మాత్రం పీకకు. పీకితే మరుక్షణం పోతుంది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది" అని ఇస్తూ ఇస్తూ చెప్పాడు. మంచి సలహా. గుర్తుంచుకుని ఉంటే ఈ కథ ఇంకాస్త పొట్టిగా ఉండేది.

ఇచ్చింది దసరాకి కదా, అక్క అప్పటికే కార్లకీ, నా కత్తులకీ, అట్లకాడకీ బొట్లు పెడుతోంది. ఇదీ మన ఆయుధమేగా అనిపించి, దీనికి నేనే స్వయంగా పూజ చేశాను. మూత మూసి ఉన్న లాప్‌టాప్‌కి ముఖం ఎటువైపో ఎవరికి తెలుసు? నా వైపు చూస్తున్న అంచే ముఖం అనుకున్నాను. పసుపు గట్టిగా ముద్దలా కలిపి, ఆ అంచుకి బొటనవేలితో మూడు బొట్లు బలంగా అద్ది, పైన కుంకుమ పెట్టి, హారతి కూడా ఇచ్చాను. చూడముచ్చటగా ఉండింది.

సోమవారం చిన్న కెమెరా ఒకటి కొని దాని నెత్తిన తగిలించి, ఇంటర్నెట్ కోసం చూశాను. రాలేదు. బావ అప్పుడు ప్రాజెక్టు పని మీద కొత్త లాప్‌టాప్‌తో సహా మోరిస్‌విల్ అనే వేరే ఊళ్ళో ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఏరా, కింద మూలన చిన్న బొమ్మ ఉందా?"

"ఉంది బావా. దాని మీద ఎర్రగా ఇంటూ కొట్టి ఉంది. నా లెక్కల పేపర్ గుర్తొస్తోంది."

"వెధవ జోకులు తర్వాత. దాని మీద నొక్కు. ఏమంటోంది?"

"చుట్టుపక్కల నెట్‌వర్కులేమీ లేవంటోంది."

"లేకపోవడమేంట్రా? ఆ బిల్డింగులో ఇంటికొకటి ఉంది!"

"ఆ సంగతి నాకు తెలుసు బావా. దానికే తెలియట్లేదు."

బావకి చిర్రెత్తుకొచ్చింది. "నా దగ్గర నాలుగేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసిందిరా అది! ఏం చేశావ్ దాన్ని?"

"ఏమీ చేయలేదు. పూజ చేశానంతే."

"పూజ చేస్తే పాడవదు. ఇంకేదో చేసుంటావ్, బాగా గుర్తుతెచ్చుకో."

రెండు రోజులు గుర్తుతెచ్చుకున్నాను. చేయనివి కూడా గుర్తుకొచ్చాయి.

బుధవారం కింది ఇంటి కిరణ్‌ని పిలుచుకొచ్చాను. వరంగల్ పిల్లగాడు, పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్. చట్నీతో నాలుగు దోసెలు తిని, చెయ్యి తుడుచుకుని, లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం లేదన్నా, పాత సాఫ్ట్‌వేర్ మొత్తం పీకేసి మళ్ళ ఎక్కియ్యాలె. అర్ధ గంట పని."

మూడు గంటలు ఎక్కించాడు. ఎర్ర ఇంటూ అలాగే ఉంది.

"ఇది హార్డ్‌వేర్ ప్రాబ్లం అన్నా. మనది సాఫ్ట్‌వేర్."

"పోనీ కిరణూ, శనివారం ఒక్క గంట నీ లాప్‌టాప్ ఇవ్వరాదూ?"

ఆ మాటకి మనిషి లేచి నిలబడ్డాడు. "అది క్లయింట్‌ది అన్నా! దాంట్ల పెళ్లిచూపులు జేస్తే నా జాబ్ పోతది, జాబ్ పోతే వీసా పోతది. నీ పెళ్లేమో గని నేను శంషాబాద్‌ల దిగుత."

గురువారం మూర్తిగారు వచ్చారు. రిటైరైన సైంటిస్టు. మా కాంప్లెక్సులో ఏ ఇంట్లో మిక్సీ మూలిగినా ఆయనకి వినబడుతుంది. స్క్రూడ్రైవర్ల పెట్టెతో సహా వచ్చారు.

"నలభై ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి. ఇదెంతోయ్? విప్పి చూద్దాం."

లాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టబోతుంటే అక్క పరుగున వచ్చింది. "మూర్తిగారూ, ముందువైపు పూజ బొట్లున్నాయి. శుభకార్యం ముందు చెరిగితే బాగోదు."

"ఆ మాత్రం నాకు తెలియదా అమ్మా" అని ఆయన తన భుజం మీది కండువా తీసి, ఆ అంచుకి జాగ్రత్తగా చుట్టి, అప్పుడు ఆపరేషన్ మొదలుపెట్టారు. పద్నాలుగు స్క్రూలు తీశారు. లోపల ఊదారు. ఊదినందుకు ఆయనకే దగ్గొచ్చింది. మళ్ళీ బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి.

"ఇవేమిటండీ?"

"అదనం. కంపెనీవాళ్ళు ఎక్కువే పెడతారు" అన్నారు నిబ్బరంగా. తర్వాత, సిగ్నల్ ఎక్కడైనా తగులుతుందేమోనని నన్ను దానితో ఇల్లంతా తిప్పారు. ఛార్జర్ తీయకూడదు కాబట్టి ఎక్స్‌టెన్షన్ వైరు తోకలా వెనక ఈడ్చుకుంటూ హాల్లోకీ, బాల్కనీలోకీ, చివరికి బాత్‌టబ్‌లోకీ వెళ్ళి నిలబడ్డాను. "ఇంకొంచెం పైకెత్తవోయ్" అంటారాయన. రుబ్బురోలుని నెత్తి మీద పెట్టుకుని బాత్‌టబ్‌లో నిలబడ్డ పెళ్లికొడుకుని మీరెక్కడైనా చూశారా? మా అక్క చూసింది. చూసి, అటునుంచి అటే వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం రెస్టారెంట్‌లో నా మసాలా దోసెలో మసాలా లేదని ఇద్దరూ, దోసె లేదని ఒకరూ తిప్పి పంపారు. ఐదో సంబంధం కూడా పోయిందని ఖాయం చేసుకున్నాను. ఈసారి తొమ్మిదో క్లాసు వల్ల కూడా కాదు, ఎర్ర ఇంటూ వల్ల. నా బతుకులో దిద్దిన ప్రతి కాగితం మీదా ఉన్న గుర్తే అది.

శనివారం పొద్దున్న ఎనిమిది ముప్పావు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చచ్చిన లాప్‌టాప్ ముందు తద్దినానికి కూర్చున్నట్టు కూర్చున్నాను. కిరణ్, మూర్తిగారు కూడా పరామర్శకి వచ్చినవాళ్ళలా చెరోపక్క నిలబడ్డారు. అప్పుడు అక్క పోపు గరిటె పట్టుకుని వచ్చి అడిగింది.

"ఒరేయ్ శీనూ, ఇంటర్నెట్ ఆ డబ్బాలోంచేగా వచ్చేది? డబ్బా దగ్గరికే వెళ్ళి వైరు గుచ్చుకోకూడదూ?"

ఇంజినీరూ సైంటిస్టూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐదు రోజుల్లో ఎవరికీ రాని ఆలోచన అది. కాకపోతే ఆ డబ్బా ఉన్నది బెడ్‌రూమ్ క్లోజెట్‌లో, కింది అరలో. దాని వైరు జానెడు. కొత్త వైరు కొందామంటే షాపులు తెరిచేది పదింటికి. ఆ విధంగా నేను బావ ప్యాంట్ల కిందికి చేరాను.

సరిగ్గా తొమ్మిదింటికి తెర మీద పద్మజ కనబడింది. పక్కన వాళ్ళ నాన్నగారి భుజం. నేను నమస్కారం పెట్టబోతే హ్యాంగర్ ఒకటి ఊడి ఒళ్ళో పడింది.

"మీ వెనకాల ప్యాంట్లు వేలాడుతున్నాయేమిటండీ?"

"మా బావగారివండి."

"మరి బావగారేరీ?"

"వాటిల్లో లేరండి. ఊళ్ళో లేరు."

నవ్వాపుకుందో, కోపమాపుకుందో తెలియలేదు. "లోపలెందుకు కూర్చున్నారు?"

క్లోజెట్ బయట నుంచి అక్క గరిటెతో సైగలు చేస్తోంది, ఏదో ఒకటి చెప్పమని. నాకిక ఓపిక లేదు. ఐదు రోజుల నీరసమంతా ఒక్కసారి నోట్లోంచి వచ్చేసింది.

"పద్మజగారూ, నాకు కంప్యూటర్ అరచేతిలో లేదండి. ఎక్కడా లేదు. నా చేతిలో ఉండేది అట్లకాడ. నేను చదివింది తొమ్మిదో క్లాసు సగం. ఈ లాప్‌టాప్‌కి వైర్‌లెస్ రాలేదు, అందుకే ఇక్కడ కూర్చున్నాను. మా అక్క ఆ మాట నా మీది ప్రేమకొద్దీ అంది."

బయట గరిటె కింద పడిన చప్పుడైంది.

"నేను స్కూల్లో చెప్పేది కంప్యూటరేనండి" అంది పద్మజ.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కానీ మాది రెండో అంతస్తు, చీలితే కిరణ్ మంచం మీద పడతాను.

"పాత లాప్‌టాపా? ముందు అంచుకి చిన్న స్విచ్ ఉంటుంది చూడండి, అది జరిపితే వైర్‌లెస్ ఆగిపోతుంది. మా ల్యాబ్‌లో పిల్లలు రోజూ జరిపేస్తుంటారు."

"ముందు అంచుకి స్విచ్ లేదండి. బొట్లున్నాయి."

"ఏమున్నాయి?"

"బొట్లండి. పసుపువి. దసరాకి పెట్టాను."

పద్మజ కెమెరాకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఆ బొట్ల కింద చూడండి."

గోటితో మధ్య బొట్టు గీకాను. "ఒరేయ్ చెరపకురా!" అని అక్క అరిచింది. ఎండిన పసుపు పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద, బియ్యపుగింజంత స్విచ్! నా బొటనవేలి భక్తికి ఒక పక్కకి ఒదిగిపోయి, నెలరోజులుగా పసుపులో సమాధి అయి ఉంది. ఇవతలికి జరిపాను. నీలం దీపం వెలిగింది. ఎర్ర ఇంటూ పోయింది.

నా ఆనందం ఏం చెప్పమంటారు! నా జీవితంలో నా ఇంటూ చెరిపేసిన మొదటి టీచరు ఆవిడే.

"వచ్చేసిందండీ! ఉండండి, మా హాలు చూపిస్తాను, సోఫా కూడా ఉంది!" అంటూ జానెడు వైరు పీకేశాను. పద్మజ ఏదో చెబుతోంది. "శీనుగారూ, నాకు మాత్రం మీరు..." అన్నంత వరకు వినబడింది. ఆ ఊపులో రెండో వైరు కూడా లాగేశాను.

తెర నల్లగా అయిపోయింది.

రెండో వైరు ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు తెలియడానికి అర నిమిషం పట్టింది. అది మళ్ళీ లేవడానికి పది నిమిషాలు. మూడో నిమిషంలోనే అక్క ఫోన్ మోగింది. వాళ్ళ నాన్నగారి గొంతు క్లోజెట్ దాకా వినబడింది.

"మా అమ్మాయి ఉన్నమాట చెబితే మొహం మీద కట్ చేస్తాడా అమ్మా? తొమ్మిదో క్లాసైనా పరవాలేదనుకున్నాం. ఈ పొగరు మాత్రం మాకొద్దు!"

పెట్టేశారు. అక్క మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కిరణ్ నెమ్మదిగా చెప్పులేసుకున్నాడు. మూర్తిగారు మిగిలిన మూడు స్క్రూలూ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను క్లోజెట్‌లోకి వెళ్ళి లోపలి నుంచి తలుపు వేసుకున్నాను. ఆ చీకట్లో, బావ ప్యాంట్ల మధ్య, ఇక మిగిలిన జీవితమంతా ఇక్కడే గడిపేద్దామని నిర్ణయించుకున్నాను. అన్నం అక్క తలుపు కింద నుంచి తోస్తుంది.

తలుపు కొంచెం తెరుచుకుని అక్క చెయ్యి లోపలికి వచ్చింది. చేతిలో ఫోన్.

"శీనుగారూ" అంది పద్మజ, "ఛార్జర్ పీకేశారు కదూ?"

తల ఊపాను. ఫోన్లో తల ఊపితే కనబడదని తర్వాత గుర్తొచ్చి, "అవునండి" అన్నాను.

"నాన్నకి చెబితే నమ్మట్లేదు. ముందు అది గుచ్చండి. అది లేచేలోపు నేను ఆదివారం వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెబుతాను. ఈసారి సోఫాలో కూర్చోండి."

అందుచేత, అట్లకాడ సాక్షిగా, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: ముఖం ఎటువైపో తెలుసుకోకుండా ఇక ఏ యంత్రానికీ బొట్టు పెట్టను. తప్పుదామన్నా తప్పే వీల్లేదు. ప్రతి దసరాకీ పద్మజ లాప్‌టాప్ మూత మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి ఇస్తుంది. నేను అందులోనే పెట్టాలి. పెడుతున్నంతసేపూ ఛార్జర్ ప్లగ్గుని చేత్తో నొక్కిపట్టుకుని పక్కనే నిలబడుతుంది.